నెత్తిన పోసిన నీళ్లు

నా మొగుణ్ని ఇకనుంచి అన్నలాగా చూసుకొమ్మని దొరసామి చెప్పినప్పుడు నేను పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టె చేస్తున్నాను. రొట్టె పెనం మీద ఉంది. ఆ మాట చెవిన పడ్డాక దాన్ని తిరగేయాలన్న సంగతే మరిచిపోయాను. మాడి బొగ్గయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మాడిన రొట్టె వాసన వస్తే నాకు ముందుగా ఆ దొరసామి గొంతే గుర్తుకొస్తుంది.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే నా నోరు ఊరుకోదు. ఏసు మతం చెప్పడానికి సముద్రాలు దాటి మా కడప ఎండల్లోకి వచ్చి, ముక్కు మీద తోలు ఊడిపోతున్నా గొడుగు పట్టుకోకుండా పల్లెపల్లెకూ తిరిగేవాడు. నెల్లూరులో ఒక పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని వచ్చాడు. ఆ పంతులు పుస్తకాల్లో ఉన్న తెలుగంతా నేర్పాడు గానీ ఇళ్లల్లో మాట్లాడే తెలుగు ఒక్క ముక్క నేర్పలేదు. అందుకే ఆ రోజు మా గడప దగ్గర నిలబడి, రోమాపురినుండి ప్రత్యుత్తరము వచ్చువరకు మీరిరువురు సహోదర సహోదరీలవలె జీవించవలెను అన్నాడు. నా మొగుడికి సగం అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను కన్యాస్త్రీల బడిలో చిన్నపిల్లలకు అక్షరాలూ జపాలూ చెప్పేదాన్ని గనుక నాకు ఆ తెలుగు అర్థమవుతుంది. చెప్పక తప్పలేదు. అన్నాచెల్లెళ్ల మాదిరి ఉండాలంట అన్నాను. మొగుడికి ఆ మాట నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది చూడండి, అదీ నా రాత.

ఎందుకిట్లా వచ్చిందో మొదటినుంచీ చెప్పాలి. మా ఊరు మైదుకూరుకు నడిచిపోయేంత దూరం. ఒక పక్క కాలువ నీళ్లు పారే నల్లరేగడి, అది పెద్దవాళ్లది. ఇంకో పక్క బండలు తప్ప ఏమీ పండని గుట్ట, దాని పక్కన మా పేట. మా మగవాళ్లంతా గనిలో బండలు తీసేవాళ్లు. ఇంటి గోడలు బండలే, కప్పు బండలే, దొడ్డికి కంచె కూడా నిలబెట్టిన బండలే. అమ్మానాయనా కలరాలో పోతే మా అవ్వ నన్ను పెంచింది.

నాకు చిన్నప్పుడే పెళ్లి చేసింది. ఆ పెళ్లిలో నాకు గుర్తున్నదల్లా కొత్త చీర గీరుకుని మెడంతా మంట పుట్టడం, అంతే. పెద్దమనిషినయ్యాక కాపురానికి పంపించారు. రెండేళ్లు తిరక్కముందే అతను గుంతకల్లుకు రైలు కూలికి పోయి, వచ్చేటప్పుడు ఇంకొకామెను వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను అవ్వ దగ్గరికి తోలేశాడు. కులపెద్దలు చావిడి ముందర కూర్చుని అతని చేతిలో తమలపాకు పెట్టారు. అతను దాన్ని నిలువునా చించి ఒక సగం నా ఒళ్లో వేశాడు. మా పేటలో విడాకులంటే నిజంగా ఆకే. ఆకు చిరిగితే పెళ్లి చిరిగినట్టు. ఆ సగం ఆకును ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. చేతిలో పట్టుకుని పట్టుకుని, ఆఖరుకు నమిలేశాను. అవ్వ ఆ సంగతి చచ్చేదాకా అందరికీ చెప్పి నవ్వింది.

తర్వాత మా పేట పేటంతా ఏసు గుడిలో చేరింది. నేనూ అవ్వా కూడా సామి చేత నెత్తిన నీళ్లు పోయించుకుని జ్ఞానస్నానం తీసుకున్నాం. అప్పుడున్న ముసలి దొరసామి ఆకు సంగతి విని తల అడ్డంగా ఊపాడు. దేవుడు జత చేసినదాన్ని ఒక ఆకు ఎట్లా తెంపుతుంది అన్నాడు. అయితే బైబిల్లో పౌలుగారి జాబులో ఒక దారి ఉందట. పెళ్లినాటికి ఇద్దరూ జ్ఞానస్నానం లేనివాళ్లయి, తర్వాత ఒకరు మతంలోకి వచ్చి, రెండోవాళ్లు కాపురానికి ఒప్పుకోకపోతే, వచ్చినవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. దానికి ముందు ఆ రెండోమనిషిని అడిగి తీరాలి. అతను అప్పటికి మళ్లీ గుంతకల్లు చేరాడు. గుడిలో సామికి సాయంగా ఉండి జపాలు నేర్పే మా ఉపదేశి అక్కడిదాకా పోయి అడిగాడు. అతను నోటికొచ్చినట్టు తిట్టి కుక్కను ఉసిగొలిపాడు. ఉపదేశి చిరిగిన పంచెతో తిరిగొచ్చి, ఒప్పుకోలేదు సామీ అని చెప్పాడు. నా రెండో పెళ్లి ఆ కుక్క చేసింది అని నేను చాలామందితో అనేదాన్ని.

రెండో పెళ్లి గుడిలో జరిగింది. ఈయన వేరే ఊరినుంచి మా పేటకు వచ్చినవాడు, తాతల కాలంనుంచీ గుడి మనిషి. గనిలో పని. మాట తక్కువ. కోపమొచ్చినా, సంతోషమొచ్చినా నన్ను 'మే' అని ఒకటే పిలుపు. నేను 'మామా' అనేదాన్ని. రాత్రి తిన్నాక ఇద్దరం వాకిట్లో బండ మీద కూర్చుని ఏమీ మాట్లాడుకోకుండా చల్లగాలి పీల్చుకునేవాళ్లం. మొదటి కాపురంలో నన్ను ఎవరూ పక్కన కూర్చోనిచ్చింది లేదు. ఈ మనిషి దొరికినందుకు నేను రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను. బిడ్డలు మాత్రం కలగలేదు. అదొక్కటే కొరత.

ఇట్లా ఉండగా ముసలి దొరసామి పోయి, ఈ కొత్తాయన వచ్చాడు. ఆ సంవత్సరం వానల్లేవు. గుడి దగ్గర గంజి పోస్తున్నారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చేవాళ్లు. వాళ్లల్లో నా పాత అత్త కూడా వచ్చింది. ఎవరో ఆమెను చూపించి, బడిలో జపాలు చెప్పే ఆమెకు పాత అత్త అని కొత్త దొరసామికి చెప్పారు. ఆమె ఊళ్లో పాత కరువు రోజుల్లో ఇంకో మిషను దొరలు పనిచేశారని కూడా ఎవరో అన్నారు. ఈయన ఏ పనీ సగం చేసేవాడు కాడు. ఆమెను కూర్చోబెట్టి, కొడుకు చిన్నప్పటి సంగతులు అడిగాడు. అడిగి, నేరుగా మా ఇంటికి వచ్చాడు.

ఆయన చెప్పిందేమంటే, నా మొదటి మొగుడికి పసితనంలోనే జ్ఞానస్నానం అయిందట. వాళ్లమ్మ తన నోటితోనే చెప్పిందట. ఏ మిషనులో ఇచ్చినా జ్ఞానస్నానం జ్ఞానస్నానమే. అతనికి అది ఉంటే పౌలుగారి దారి మాకు మూసుకుపోయినట్టే. అంటే మొదటి పెళ్లి తెగలేదు. తెగకపోతే రెండోది పెళ్లే కాదు. అటువంటి ముడిని విప్పగలిగింది భూమ్మీద ఒక్క పోపుగారే. కాగితాలు రాసి సాములందరికీ పెద్దయిన మేత్రాణులకు పంపుతాను, ఆయన రోముకు పంపుతారు, జవాబు వచ్చేదాకా వేరుగా ఉండండి అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఆ కాసేపు ఏడుపు కూడా రాలేదు.

నా మొగుడు ఆ సాయంత్రమే చాపా దుప్పటీ తీసుకుని పశువుల కొట్టంలోకి మారాడు. నేను ఏమైనా అంటానేమో అని కూడా ఆగలేదు. దొరసామి మాట, గుడి మాట, వాళ్ల తాత ముత్తాతలనుంచీ దాటనిది. మర్నాటినుంచి నన్ను 'మే' అనడం మానేశాడు. 'అమ్మా, నీళ్లు' అనేవాడు. 'అమ్మా, పోయొస్తా' అనేవాడు. ఆ 'అమ్మా' వినబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నన్ను 'అన్నా' అనమన్నారు, నాకు నోరు రాలేదు. 'మామా' అనకూడదు. ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానుకున్నాను. సంగటి పెట్టి, గోడవైపు తిరిగి, పెట్టినా అనేదాన్ని. గోడ వచ్చి తింటుందా?

నా భయం ఒకటే. రోమునుంచి కాదని వస్తే నేను గుంతకల్లులో ఉన్నవాడి పెళ్లాన్నే అవుతాను, చచ్చేదాకా. ఈయన మాత్రం పెళ్లికానివాడితో సమానం. హాయిగా ఇంకొకరిని కట్టుకోవచ్చు. ఆయన వైపువాళ్లు అప్పుడే ముద్దనూరులో ఒక పిల్లను చూసిపెట్టారని పేటలో అన్నారు. బిందె తీసుకుని బావికి పోతే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినబడకపోయినా తెలిసేది.

నెల తప్పిందని తెలిసింది కూడా ఆ రోజుల్లోనే. అన్నేళ్లు మొక్కుకున్న బిడ్డ, మొగుడు కొట్టంలో పడుకుంటున్నప్పుడు వచ్చింది. చాప మారకముందు పడిన బిడ్డే, కానీ ఆ లెక్క ఊరికి ఎవరు చెప్పాలి? నేను చీర కొంగు ముందుకు లాక్కుని తిరిగాను.

బడిలో నేను పిల్లలకు నేర్పే జపాల్లో పోపుగారి పాఠం కూడా ఉంది. కోస్తానుంచి వచ్చిన ఒక కన్యాస్త్రీ ఆ పాఠం రాగానే పిల్లలు నవ్వకుండా చూడమని నన్ను హెచ్చరించేది. పిల్లలు ఎందుకు నవ్వుతారో నాకు చాలా రోజులు తెలియలేదు. వాళ్లవైపు పోపు అంటే నూనెలో ఆవాలు వేయడమట. మాకు అది తిరగవాత. మా పిల్లలెవరూ నవ్వలేదు, బుద్ధిగా వల్లించారు. పోపుగారు పొరబడతారా అని నేను అడగాలి, పొరబడరు అని వాళ్లు అరవాలి. ఆ సంవత్సరం పిల్లలు అట్లా అరుస్తుంటే నాకు గొప్ప ధైర్యం వచ్చేది. పొరబడనివాడి చేతికి మా కాగితం పోయింది గదా, ఆయనకు సత్యం కనబడుతుంది గదా అనుకునేదాన్ని.

ఆ ధైర్యాన్ని దొరసామే పోగొట్టాడు. ఒకరోజు బడికి వచ్చినప్పుడు అడిగాను, మా సంగతిలో పోపుగారు పొరబడరు గదా సామీ అని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే వచ్చిన తంటా. కాసేపు గడ్డం నిమురుకుని చెప్పాడు. లోకంలోని గుడి జనానికంతటికీ విశ్వాసం గురించి, మంచిచెడ్డల గురించి బోధించేటప్పుడు ఆయన పొరబడడట. పెళ్లి తెగదు అని బోధిస్తాడే, అదీ ఆ బోధ. అంతేగానీ ఫలానా ఊళ్లో ఫలానా మనిషికి జ్ఞానస్నానం అయిందా లేదా అన్నది ఆయనకు పైనుంచి తెలియదు. మనం రాసి పంపినదాన్ని చూసి తీర్పు చెబుతాడు. మనం తప్పు రాస్తే ఆయనా తప్పవచ్చు.

నేను ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. ఆ రోజు ఆగలేక కొట్టం ముందర నిలబడి ఈ మాట నా మొగుడికి చెప్పాను. ఆయన బర్రెకు మేత వేస్తున్నవాడు వేసినట్టే ఆగిపోయాడు. అంత కోపం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. పిల్లోళ్లకు జపాలు చెప్పేదానివి, పోపుగారు తప్పుతారని నువ్వే అంటే ఇంగ ఏంది పట్టుకోని బతకాల మనం అన్నాడు. నేను కాదు, దొరసామే అన్నాడని చెప్పినా వినలేదు. ఆయనకు రెండు రకాల మాటలు ఉండవు. పోపుగారు తప్పరు అంటే తప్పరు, అంతే. ఆ నమ్మకం మీదే కొట్టంలో పడుకోగలుగుతున్నాడు. దాన్నీ నేను లాగేస్తే ఎట్లా అని అప్పుడు నాకు తోచలేదు. మొండివాడు అని తిట్టుకుంటూ ఇంట్లోకి వచ్చాను.

అది చాలదన్నట్టు పోపుగారు చనిపోయారు. గుడిలో నల్లగుడ్డ కప్పిన ఖాళీ పెట్టె పెట్టి, చుట్టూ కొవ్వొత్తులు వెలిగించి పూజ చేశారు. నేను ఆ పూజలో ఏడ్చినంత ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఎంత భక్తి, పోపుగారి మీద ఎంత ప్రేమ అని కన్యాస్త్రీలు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. భక్తీ లేదు, ఏమీ లేదు. నా కాగితం చనిపోయినాయన బల్ల మీద ఉండిపోయిందే, కొత్తాయనకు అది కనబడుతుందో లేదో అని నా ఏడుపు.

ఇంతలో కడుపు దాచుకునే వీల్లేకుండా పోయింది. అవ్వకు అప్పుడు కళ్లు సరిగా కనబడవు గానీ నోటికి ఏమీ కాలేదు. అన్నాచెల్లెళ్లని చెప్పి ఇదేం వ్యవహారం అని ఊరు అనకముందే దొరసామికి మనమే చెప్పాలి అని పట్టుబట్టింది. ఒక ఆదివారం పూజ అయ్యాక, గుడి వాకిట్లో అందరూ ఉండగానే ఆయన్ని ఆపింది. నేను వెనక తల వంచుకుని నిలబడ్డాను.

"మా పిల్ల నీళ్లోసుకుండాది సామీ," అంది అవ్వ. "మీరు చెప్పిన దానికి ముందరిదే. మా అల్లునిది తప్పేమీ లేదు."

దొరసామి ముఖం గంభీరంగా పెట్టాడు. అది సాధ్యము కాదు అవ్వా అన్నాడు. ఈమెకు జ్ఞానస్నానము ఇదివరకే అయినది, రెండవసారి నీళ్లు పోయకూడదు, పోసినవారికి పాపము. ఎవరు పోసినారు, ఆ ఇంకొక మిషనువారా అని నన్ను అడిగాడు.

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఉపదేశి ఆయన చెవి దగ్గరికి పోయి, నీళ్లు పోసుకోవడమంటే కడుపుతో ఉండడమని చెప్పాడు. పాపం ఆయన చెవులు కందిపోయాయి. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఈయనకు నీళ్లంటే ఒకటే నీళ్లు. మరి నా పాత అత్తను ఏమని అడిగినట్టు?

అందరి ముందరా అడిగేశాను.

"ఆ ముసలామెను యే మాటతో అడిగితిరి సామీ? ఆ మాటే చెప్పండి."

ఆయన గుర్తు చేసుకుని చెప్పాడు. జ్ఞానస్నానం అంటే ఆమెకు తెలియలేదట. బాప్తిస్మం అన్నా తెలియలేదట. అందుకని, నీ కుమారుడు పసివాడుగా ఉన్నప్పుడు శిరస్సుపై నీళ్లు పోసినారా అని అడిగాడట. పోసినాము సామీ అందట. నీళ్లు పోసి పేరు పెట్టినారా అంటే, ఆ పొద్దే పెట్టినాము అందట. అప్పుడు మిషను దొరసాని ఉన్నదా అంటే, వచ్చింది, బిడ్డకు గుడ్డ ఇచ్చింది అని చెప్పిందట.

అవ్వ నెత్తి కొట్టుకుంది. పురుటి నీళ్లు కదా సామీ అంది. మా వైపు బిడ్డ పుట్టిన పదకొండో రోజు తలకు నీళ్లు పోసి, ఆ రోజే పేరు పెడతారు. గుడిలో చేరినవాళ్లూ పోస్తారు, చేరనివాళ్లూ పోస్తారు, ఈ దేశంలో నీళ్లు పోయని బిడ్డ ఉండదు. ఆ లెక్కన చూస్తే కడప జిల్లాలో అందరికీ జ్ఞానస్నానం అయినట్టే.

మర్నాడే నేనూ, అవ్వా, దొరసామీ, ఉపదేశీ నా పాత అత్త ఊరికి పోయాం. ఇన్నేళ్లకు మళ్లీ ఆ గుమ్మం ముందర నిలబడ్డాను. ఆమె బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి, నా కడుపు చూసి, చేత్తో తడిమి, మంచిది మే అంది. ఈసారి నేనే అడిగాను. పురుటి నీళ్లు గాక ఇంగేం నీళ్లు పోస్తాం అని ఆమె నన్నే వింతగా చూసింది. నీళ్లు పోసింది వాళ్ల పెద్దమ్మ. దొరసాని వాకిట్లో నిలబడి, గుడ్డ ఇచ్చి, పక్కింటికి పోయిందట. ఆమె కొడుకును ఏ మిషనుకూ ఎత్తుకుపోలేదు, ఎవరూ ఏ జపమూ చదవలేదు. దొరసామి అడిగినదే మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె చెప్పిందే చెప్పింది.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నా మొగుడి ముందర నిలబడ్డాడు. తప్పు నాది, నా చెవిది అన్నాడు. మీ వివాహము మొదటి దినమునుండి నిలిచియే యున్నది, కలిసి జీవింపుడు, రోముకు నేను మరల వ్రాసెదను అన్నాడు. అంత పెద్ద మనిషి మా బండ మీద కూర్చుని తల వంచుకుంటే నాకు ఉన్న కోపమంతా కరిగిపోయింది. ఇంక అయిపోయిందని చాప ఇంట్లోకి తెద్దామని లేచాను.

నా మొగుడు లేవలేదు.

"ఆ పొద్దు తెగలేదని మీరే చెప్తిరి సామీ. ఈ పొద్దు మీరే ఇట్లా చెబుతాండారు. దీంట్లో తప్పు లేదని నాకెట్లా తెలిసేది? కాగితం పోపుగారి దగ్గరికి పోయుండాది. ఆయన చెప్పనీ."

తప్పేవాడి మాట మీద ఒకసారి విడిపోయిన మనిషి, తప్పేవాడి మాట మీద మళ్లీ కలవనంటే ఏమనగలం? ఆయన కొట్టంలోనే ఉండిపోయాడు. నేను అలిగాను, ఏడ్చాను, అవ్వ చేత చెప్పించాను. కదల్లేదు. నా పనులన్నీ చేసేవాడు, నీళ్లు మోసేవాడు, చింతకాయలు అడిగితే ఎండలో పోయి తెచ్చేవాడు. గడప మాత్రం తొక్కడు. అమ్మా అనే పిలుపూ పోలేదు. ఈ బిడ్డకు తండ్రి కొట్టంలోనూ తల్లి ఇంట్లోనూ, ఇట్లాగే ముసలివాళ్లమైపోతామా అని దిగులు పట్టుకుంది.

నొప్పులు ఎండాకాలం చివర మొదలయ్యాయి. పొద్దున మొదలై సాయంత్రానికి కూడా బిడ్డ తిరగలేదు. మంత్రసాని అవ్వతో గుసగుసలాడింది. దొరసామిని అవస్థ నూనె తీసుకురమ్మని మనిషిని పంపించారని నాకు వినబడింది. అంటే చస్తానన్నమాట. ఏసుమరియ జోజప్ప అనమని అందరూ చెబుతున్నారు. అవే అందామని నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"మామా," అని అరిచాను. నెలల తరబడి నోట్లో పెట్టుకున్న మాట.

పురిటింట్లోకి మగవాడు రాకూడదు. ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. మంత్రసాని తిడుతున్నా వినకుండా నా తల దగ్గర కూర్చుని, నా చేయి పట్టుకుని, "ఈడనే ఉండా మే," అన్నాడు. దొరసామి నూనె తీసుకుని వచ్చేసరికి బిడ్డ ఏడుస్తోంది. ఆడపిల్ల. ఆయన ఆ రాత్రి మళ్లీ కొట్టంలోకి పోలేదు. పదకొండో రోజు అవ్వ బిడ్డ తలకు నీళ్లు పోస్తుంటే దొరసామి దూరంగా నిలబడి చాలా శ్రద్ధగా చూశాడు.

తర్వాత మా కాపురం మళ్లీ కాపురమైంది. యుద్ధం వచ్చింది. రోముకు జాబులు పోవడం లేదు, రావడం లేదు అన్నారు. దొరసామిని వేరే ఊరికి మార్చారు. మాకు ఇంకో మగబిడ్డ కూడా పుట్టాడు. నేను రోము సంగతే మరిచిపోయాను. నిజం తేలింది, మొగుడు నమ్మి ఇంట్లోకి వచ్చాడు, ఇంకేం కావాలి నాకు? ఆ రోజుల్లో ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. ఆదివారం పొద్దున పూజకు పోయేముందు ఒక ముంత అంబలి తాగేవాడు. సత్ప్రసాదం, అదే పూజలో సామి నాలుక మీద పెట్టే అప్పం, పాపంలో ఉన్నవాళ్లు తీసుకోకూడదు, తీసుకునేవాళ్లు అర్ధరాత్రినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు గదా. ఈయన తాగి వచ్చి, అందరూ ముందుకు పోతుంటే వెనక బల్ల మీద కూర్చునేవాడు. అంబలి మీద ఆశకు దేవుణ్ని వదులుకుంటావా, ఒక్క పూట కడుపు కట్టుకోలేవా అని నేను దారి పొడుగునా సాధించేదాన్ని. ఆకలైతాది మే అనేవాడు, అంతే.

యుద్ధం అయిపోయాక, మా పిల్ల బడికి పోతున్న రోజుల్లో, రోమునుంచి మాట వచ్చింది. అప్పుడు మాకున్నది తెలుగు సామి. మమ్మల్నిద్దరినీ పిలిపించి చదివి చెప్పాడు. చూస్తే ఏమీ లేదు. పోపుగారు తెంపాల్సిన ముడి ఏదీ లేదట, పాత దొరసామి రెండోసారి రాసిందే సరిపోయిందట, మా పెళ్లి మొదటి రోజునుంచీ మంచి పెళ్లేనట. ఇంతేనా అని నేను నవ్వాను. నా మొగుడు నవ్వలేదు. దీంట్లో పొరబాటు లేదు గదా సామీ అని అడిగాడు. లేదని సామి చెప్పాడు. నిజంగా రోమునుంచే గదా అని మళ్లీ అడిగాడు. ఔనన్నాడు. పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం నేను చూడ్డం అదే మొదలు, అదే చివర.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను, ఇప్పుడెందుకు ఏడ్చినావని. బిడ్డ పుట్టిన పొద్దే నమ్మితివి గదా, నమ్మే కదా లోపలికి వస్తివి అన్నాను.

"నమ్మి రాలేదు మే," అన్నాడు. "తప్పే అయ్యుంటాదని అనుకునే వచ్చినా. నువ్వు పిలిస్తివి."

ఇన్నేళ్లూ నేను హాయిగా ఉన్నాను. ఆయన మాత్రం నరకానికి పోతానని నమ్ముతూనే నా పక్కన పడుకున్నాడు, నా బిడ్డల్ని ఎత్తుకున్నాడు, ఆదివారం పూట నా తిట్లు తిన్నాడు.

ఆ ఆదివారం పొద్దున అలవాటు కొద్దీ అంబలి ముంత తెచ్చి ఆయన ముందర పెట్టాను. ఆయన దాన్ని పక్కకు జరిపి, ఈ పొద్దు ఆకలిగా లేదు మే అన్నాడు.